కార్డు మార్చే ముందు కొలిచి చూడండి

మంచి కంప్యూటర్ ఒక్కసారిగా స్లో అయిందంటే మనవాళ్ళ దగ్గర మూడే మందులు ఉంటాయి. ఫార్మాట్ కొట్టు. ర్యామ్ పెంచు. గ్రాఫిక్స్ కార్డు మార్చు. హాస్టల్లో అడిగినా, షాపులో అడిగినా ఇవే. నిన్నటిదాకా 140 ఎఫ్‌పీఎస్‌తో పరిగెత్తిన గేమ్ ఈరోజు 50 దగ్గర ఈడుస్తోందంటే, ఎదుటివాడు మొదట అడగాల్సింది "ఏం మారింది?" అని. కానీ అడిగేది మాత్రం "బడ్జెట్ ఎంత?" అని.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. కొలవకుండా ఏదీ కొనకూడదు. కొలవకుండా ఫార్మాట్ కూడా కొట్టకూడదు. కంప్యూటర్ సైన్స్ చదువుతూ, కోడ్‌లో బగ్ వస్తే లైన్ లైన్‌కీ ప్రింట్ పెట్టి చూసే మనమే, సొంత కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఊహల మీద డబ్బులు పెట్టేస్తున్నాం. ఇది మారాలి.

ఇది కేవలం గేమర్ల గోల అనుకోకండి. మాది పల్నాడు జిల్లా రొంపిచెర్ల. మా వైపు ఒక ఇంట్లో గట్టి డెస్క్‌టాప్ కొన్నారంటే అది ఈఎంఐ మీద అయినా ఉంటుంది, లేదా గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు అమ్ముడుపోయి డబ్బు చేతికొచ్చాక అయినా ఉంటుంది. "కార్డు పోయింది, కొత్తది వెయ్యాలి" అని షాపులో తేలిగ్గా అనే మాట ఆ ఇంటికి చేరేసరికి ఎంత బరువవుతుందో మనకి తెలుసు. అందుకే ఆ మాట నమ్మే ముందు పది నిమిషాలు కొలవడం నేర్చుకోవాలి అంటున్నా.

"సడన్‌గా" అన్నదే పెద్ద క్లూ

చాలామంది "మూడేళ్ళయింది కదా, వయసైపోయింది" అంటారు. చిప్‌కి మనిషిలాగా ఒక్క రాత్రిలో వయసు రాదు. అదే గేమ్, అదే సెట్టింగ్స్, అదే రిజల్యూషన్ అయితే మూడేళ్ళ కిందటి కార్డు ఇప్పుడూ దాదాపు అదే ఎఫ్‌పీఎస్ ఇవ్వాలి. కొత్త గేమ్స్ బరువెక్కుతాయి, అది వేరే సంగతి. నిజంగా చెడిపోతున్న కార్డు సాధారణంగా స్క్రీన్ మీద చుక్కలు, గీతలు చూపిస్తుంది, గేమ్ మధ్యలో క్రాష్ అవుతుంది. ఏ గొడవా లేకుండా నీట్‌గా సగం స్పీడ్‌కి పడిపోయిందంటే కార్డు చచ్చిపోయిందని కాదు, దాన్ని ఏదో ఆపుతోందని అనుమానించాలి.

కాబట్టి మొదటి ప్రశ్న: బాగా ఆడిన చివరి రోజు ఏది? ఆ రోజుకీ ఈ రోజుకీ మధ్య ఏం జరిగింది? విండోస్ అప్‌డేట్ అయిందా, గ్రాఫిక్స్ డ్రైవర్ మారిందా, గేమ్‌కి కొత్త ప్యాచ్ వచ్చిందా, ఎవరన్నా క్యాబినెట్ విప్పారా, కంప్యూటర్‌ని ఇంకో గదికి మార్చారా, ఊరు దాటించారా, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదన్నా దించారా? విండోస్‌లో అప్‌డేట్ హిస్టరీ తేదీలతో సహా ఉంటుంది. జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కారణాలు నెమ్మదిగా వచ్చి, ఫలితం మాత్రం సడన్‌గా చూపిస్తాయి. వేడి అలాంటిది. ఎండల వార్త ఎప్పుడొచ్చినా మా జిల్లాలోని రెంటచింతల పేరు ఉండాల్సిందే, అంత ఎండ మాది. లెక్క చాలా సింపుల్. ఒకే పని చేస్తున్నప్పుడు చిప్ వేడి, గది వేడి కంటే దాదాపు ఒకే తేడాతో పైన ఉంటుంది. డిసెంబర్‌లో గది 26 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ 82 ఉందనుకోండి. మేలో గది 40కి వెళ్తే ప్రాసెసర్ 96కి వెళ్తుంది. దానికితోడు మిర్చి కల్లాల దుమ్ము, పత్తి నూగు ముందు ఫిల్టర్‌కి పట్టేస్తే ఇంకో నాలుగు డిగ్రీలు.

ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95. చాలా జీఫోర్స్ కార్డులు 83 డిగ్రీల దగ్గర నుంచే తమ స్పీడ్ తగ్గించుకోవడం మొదలుపెడతాయి. హద్దు తగిలేదాకా మీకు ఏమీ తెలియదు. తగిలిన క్షణం నుంచి చిప్ తనని తాను కాపాడుకోడానికి క్లాక్ తగ్గించేస్తుంది. దుమ్ము ఆరు నెలలు పట్టింది, ఎఫ్‌పీఎస్ మాత్రం ఒక్క మధ్యాహ్నం పడిపోయింది. మనకి కనిపించేది ఆ మధ్యాహ్నమే.

అసలు "స్లో" అంటే ఏంటి?

మనం అన్నిటికీ "లాగ్" అనే ఒకే మాట వాడతాం. దానివల్లే సగం గందరగోళం. మూడు వేరు వేరు రోగాలు ఉన్నాయి, మూడింటికీ మందు వేరు.

ఒకటి, నెట్ లాగ్. మీ పాత్ర వెనక్కి జారుతుంది, కాల్చిన బుల్లెట్ ఆలస్యంగా తగులుతుంది, కానీ బొమ్మ మాత్రం స్మూత్‌గానే కదులుతుంది. ఇది పింగ్ సమస్య. దీనికి లక్ష రూపాయల కార్డు వేసినా ఉపయోగం లేదు. ఇంటర్నెట్ అక్కర్లేని గేమ్ ఒకటి ఆడి చూడండి. అది బాగుంటే కంప్యూటర్ తప్పు కాదు.

రెండు, ఎఫ్‌పీఎస్ మొత్తంగా తగ్గడం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. 144 అంటే 6.9 మిల్లీసెకన్లు. ఆ టైమ్‌లోపు ఎవరో పని పూర్తి చేయలేకపోతున్నారు.

మూడు, స్టటర్. సగటు 120 చూపిస్తుంది, కానీ మధ్యమధ్యలో ఎక్కిళ్ళు వస్తాయి. సగటు చూస్తే ఇది దొరకదు. నూటికి అతి నెమ్మదైన ఒక వంతు ఫ్రేములు ఎలా ఉన్నాయో చూపించే "వన్ పర్సెంట్ లో" అంకె చూడాలి. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక మొదటి కొన్ని మ్యాచ్‌లలో షేడర్లు మళ్ళీ కంపైల్ అవుతూ ఇలాంటి ఎక్కిళ్ళు రావచ్చు. అవి వాటంతటవే పోతాయి. కొత్త ప్యాచ్‌తో టెక్స్చర్లు పెరిగి 8 జీబీ కార్డు మెమరీ నిండిపోయినా ఇదే వస్తుంది. దానికి మందు టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించడమే, పైసా ఖర్చు లేదు.

కాలువ గట్టు పట్టుకుని పైకి నడవండి

"బాటిల్‌నెక్" అనే మాట మనం రోజూ వాడతాం. నాకు అది నిజంగా అర్థమైంది కాలువ గురించి ఆలోచించినప్పుడు. మా వైపు సాగర్ కుడి కాలువ కింద చివరి భూములు ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. చేలోకి నీళ్ళు రాకపోతే ఎవరూ చేను తవ్వుకోరు. గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. మేజర్‌లో నీళ్ళున్నాయా? తూము తెరిచి ఉందా? పిల్ల కాలువలో ఎవరన్నా అడ్డం వేశారా? ఎక్కడిదాకా నీళ్ళు నిండుగా ఉన్నాయో, ఎక్కడి నుంచి తగ్గాయో చూస్తే ఆ రెండిటి మధ్యే అడ్డం ఉంటుంది.

గేమ్ కూడా అంతే. ప్రతి ఫ్రేమ్‌లో ఎవరు ఎక్కడున్నారో, ఏం గీయాలో ప్రాసెసర్ లెక్కకట్టి కిందికి పంపుతుంది. గ్రాఫిక్స్ కార్డు దాన్ని గీస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత టూల్ పెట్టుకుంటే గేమ్ ఆడుతూనే కార్డు ఎంత శాతం పని చేస్తోందో, వేడి ఎంతో, క్లాక్ ఎంతో స్క్రీన్ మూలన కనిపిస్తుంది. కార్డు వాడకం 97, 99 దగ్గర ఉండి, క్లాక్ కూడా మామూలుగా ఉంటే, కార్డు తన శక్తి మొత్తం పెడుతోందని అర్థం. వాడకం 99 ఉన్నా క్లాక్ బాగా పడిపోయి ఉంటే కార్డుకి వేడో, కరెంటో అడ్డం. వాడకం 40 మాత్రమే ఉంటే కార్డు ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తోంది. నీళ్ళు పైన ఆగాయి. అప్పుడు చేను మార్చి ఏం లాభం?

రెండు జాగ్రత్తలు చెప్పాలి. వీ-సింక్ గానీ ఫ్రేమ్ లిమిట్ గానీ ఆన్‌లో ఉంటే కార్డు వాడకం కావాలనే తక్కువ ఉంటుంది, కొలిచే ముందు అవి తీసేయండి. రెండోది, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 20 శాతమే వాడుతోందని చూసి "ప్రాసెసర్ బానే ఉంది" అనుకోకండి. పన్నెండు కోర్లలో ఒక్క కోర్ నిండిపోయినా చాలా గేమ్స్ అక్కడే ఆగిపోతాయి. మొత్తం సగటులో ఆ ఒక్క కోర్ కనిపించదు. కోర్లు విడివిడిగా చూడాలి.

మా ఇంట్లో జరిగింది

ఇదంతా పుస్తకం కబుర్లు కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ. మా పెదనాన్న కొడుకు, అంటే అన్నయ్య, రొంపిచెర్లలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. పగలు ఎడిటింగ్, రాత్రి గేమ్స్. ఐ7 12700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ కార్డు, 32 జీబీ ర్యామ్. మా చుట్టాల్లో అంతకంటే గట్టి మెషిన్ లేదు. ఒకసారి పని మీద దాన్ని బండి మీద నరసరావుపేట తీసుకెళ్ళి తెచ్చాడు. మర్నాటి నుంచి గేమ్ 140 నుంచి 50కి పడిపోయింది, వీడియో ఎక్స్‌పోర్ట్ కూడా రెండింతల టైమ్ తీసుకుంటోంది. చూపిస్తే "కార్డు పోతోంది, నలభై వేలు అవుద్ది" అన్నారు. పెదనాన్న నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే: "ఏందిరా, నిజంగా కొనాల్సిందేనా? పెళ్ళిళ్ళ సీజన్ మీద పడింది."

నేను హాస్టల్లో ఉన్నా. "అన్నయ్యా, ఏమీ కొనొద్దు. గేమ్ ఆడుతూ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచి ఒక స్క్రీన్ షాట్ పంపు" అన్నా. పంపాడు. కార్డు వాడకం 37 శాతం, కార్డు వేడి 58 డిగ్రీలు. అంటే కార్డు హాయిగా పడుకుని ఉంది. ప్రాసెసర్ వేడి 100, క్లాక్ 1.4 గిగాహెర్ట్జ్, థర్మల్ థ్రాట్లింగ్ ఎదురుగా "యస్". 4 గిగాహెర్ట్జ్ పైన తిరగాల్సింది అది.

కథ అక్కడే తేలిపోయింది. కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, పక్క తలుపు విప్పి చూడమన్నా. ప్రాసెసర్‌తో పాటు వచ్చే కూలర్‌ని బోర్డుకి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పట్టి ఉంచుతాయి. బండి కుదుపులకి ఒక పిన్ను ఊడి పైకి లేచింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ కూలర్ ఒక మూల చిప్‌ని తాకడం లేదు. పాత పేస్ట్ తుడిచి, కొత్త పేస్ట్ పెట్టి, నాలుగు పిన్నులూ ఎదురెదురు మూలలు నొక్కితే అయిపోయింది. అదే గేమ్, అదే మ్యాప్, మళ్ళీ 138. ఖర్చు మూడు వందల పేస్ట్.

ఇక్కడ నా తెలివి ఏమీ లేదు. రెండు అంకెలు చూశామంతే. నలభై వేల కొత్త కార్డు వేసి ఉంటే అది కూడా 37 శాతం కంటే తక్కువ పని చేస్తూ కూర్చునేది. గేమ్ మళ్ళీ 50 దగ్గరే ఆగేది. ఆ డబ్బు పోయేది కాక, "ఇప్పుడు ప్రాసెసర్ కూడా మార్చాలి" అనే మాట వచ్చేది.

ఖర్చు లేనివి ముందు

కొలిచాక కూడా మందు క్రమంలో వెయ్యాలి. పైసా ఖర్చు కానివి ముందు, స్క్రూడ్రైవర్ కావాల్సినవి తర్వాత, డబ్బు కావాల్సినవి చివర.

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, పొరపాటున బోర్డుకి పెట్టారా? ఇల్లు ఊడ్చి మళ్ళీ కనెక్ట్ చేసినప్పుడు ఇది ఎంత మామూలో మీరే చూడండి. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే బొమ్మ వస్తుంది, కానీ కార్డు పని చేయదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 144 నుంచి 60కి మారిపోయిందా? అప్పుడు ఎఫ్‌పీఎస్ అంకె బాగానే ఉంటుంది, కంటికి మాత్రం స్లోగా ఉంటుంది. పవర్ ప్లాన్ పొదుపు మీద ఉందా?

టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ స్పీడ్ చూడండి. బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు బ్యాటరీ డౌన్ అయి రీసెట్ అయినా ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఎగిరిపోతుంది. 3200 అని డబ్బు పెట్టి కొన్న డీడీఆర్4 ర్యామ్ 2133కో 2400కో దిగుతుంది. 6000 అని కొన్న డీడీఆర్5 4800కి దిగుతుంది. రెండు ర్యామ్ స్టిక్స్‌లో ఒకటి కదిలి ఊడితే సగం ర్యామ్‌తో పాటు డ్యూయల్ చానెల్ కూడా పోతుంది. ఇవన్నీ చూడ్డానికి అయిదు నిమిషాలు.

వోల్టేజ్ గురించి ఒక మాట. "లో వోల్టేజ్ కదా, అందుకే గేమ్ స్లో" అని మా వైపు తరచుగా అంటారు. కంప్యూటర్ ఫ్యాన్ లాంటిది కాదు. లోపలున్న ఎస్‌ఎంపీఎస్ బయట 200 వచ్చినా 240 వచ్చినా లోపలికి 12 వోల్టులే ఇస్తుంది. చాలావాటి మీద 100 నుంచి 240 దాకా అని రాసే ఉంటుంది. హద్దు దాటి పడిపోతే కంప్యూటర్ ఆగిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది. గేమ్‌ని మెల్లగా నడపదు. యూపీఎస్ పెట్టుకోండి, మంచిదే. కానీ ఎఫ్‌పీఎస్ కోసం స్టెబిలైజర్ కొనకండి.

ప్రతిసారీ మీ ఇంటి తప్పు కాదు

కొన్నిసార్లు మీరు ఏమీ చేయకుండానే స్లో అవుతుంది, దానికి ఏ పార్టూ మందు కాదు. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చిన వెంటనే ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో ఎల్3 క్యాష్ ఆలస్యం పెరిగింది. కొన్ని ఈ-స్పోర్ట్స్ గేమ్స్‌లో 10 నుంచి 15 శాతం దాకా తగ్గుదల ఉండొచ్చని ఏఎండీ స్వయంగా చెప్పింది. అదే నెలలో అప్‌డేట్‌తో సరిచేశారు. 2022 సెప్టెంబర్‌లో విండోస్ 11 పెద్ద అప్‌డేట్ తర్వాత ఎన్‌విడియా కార్డులున్న చాలామందికి గేమ్స్ పడిపోయాయి. డెవలపర్ల కోసం ఉండే గ్రాఫిక్స్ డీబగ్గింగ్ పొరపాటున ఆన్ అవడం కారణం. ఎన్‌విడియా తన జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ సాఫ్ట్‌వేర్‌ని మార్చి విడుదల చేసింది. ఆ వారాల్లో కంగారుపడి కార్డు మార్చినవాళ్ళు ఉంటే, కొత్త కార్డులోనూ అదే సమస్య చూసి ఉంటారు. తేదీలు చూసుకుని పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళడమో, ఒక వారం ఆగడమో కూడా రిపేరే.

ఇంకో కారణం మనం పైకి చెప్పుకోం. క్రాక్ గేమ్స్. 2021 జూన్‌లో అవాస్ట్ సంస్థ క్రాకొనోష్ అనే మాల్వేర్ గురించి బయటపెట్టింది. జీటీఏ 5 లాంటి గేమ్స్ క్రాక్ కాపీల్లో దాక్కుని, విండోస్ అప్‌డేట్‌నీ యాంటీవైరస్‌నీ ఆపేసి, మన కంప్యూటర్‌తో మొనేరో కాయిన్లు తవ్వుకునేది. 2,22,000 పైగా కంప్యూటర్లకి పాకింది. సంపాదన ఇరవై లక్షల డాలర్ల పైన. ఏ గేమూ తెరవకుండా ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ గానీ కార్డు గానీ బాగా పని చేస్తూ, ఫ్యాన్లు అరుస్తుంటే అనుమానించండి. ఫ్రీగా వచ్చిన గేమ్‌కి మీ ఇంటి కరెంటు బిల్లులో ఇన్‌స్టాల్‌మెంట్ కడుతున్నారేమో.

ఒకసారికి ఒకటే మార్చండి

2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడిన సంగతి మా వైపు ఎవరూ మర్చిపోలేదు. పంట కళ్ళముందు పోతుంటే కంగారులో రెండు మూడు మందులు కలిపి కొట్టినవాళ్ళు ఉన్నారు. పురుగు తగ్గిందనుకుంటే ఏ మందుకి తగ్గిందో తెలియదు, తగ్గకపోతే ఇంకో మందు కలపాలి. శాస్త్రవేత్తలు మాత్రం విచ్చలవిడిగా కొట్టొద్దని, నీలం రంగు జిగురు అట్టలు పెట్టమని చెప్పారు. ఆ అట్ట మీద ఎన్ని పురుగులు పడ్డాయో చూస్తే ఉధృతి తెలుస్తుంది. అది పొలంలో పెట్టిన మానిటరింగ్ టూలే కదా!

మనం కంప్యూటర్‌తో చేసేది కూడా ఆ కలిపి కొట్టడమే. ఒకేరోజు డ్రైవర్ మార్చి, బయోస్ మార్చి, విండోస్ సెట్టింగ్స్ పది మార్చి, రిజిస్ట్రీలో ఏదో అంకె మార్చేస్తాం. బాగుపడితే ఎందుకు బాగుపడిందో తెలియదు. పాడైతే ఏది వెనక్కి తీయాలో తెలియదు. ఒకటి మార్చండి, అదే గేమ్ అదే చోట మళ్ళీ కొలవండి, అంకె రాసుకోండి. తేడా లేకపోతే ఆ మార్పు వెనక్కి తీసేసి తర్వాతది పట్టుకోండి. విసుగ్గానే ఉంటుంది. కానీ దారి తప్పరు.

ఫార్మాట్ కొట్టొద్దా మరి?

"ఇన్ని తంటాలెందుకు, సాయంత్రం ఫార్మాట్ కొడితే రాత్రికి రెడీ" అని మా రూమ్మేట్ వాదిస్తాడు. వాడి వాదనలో నిజం లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ గొడవ అయితే ఫార్మాట్‌తో చాలాసార్లు పోతుంది. సీపీయూ, కార్డు, వేడి, ర్యామ్ అన్నీ కొలిచి, అవన్నీ బాగున్నాయని తేలాక, డ్రైవర్ పూర్తిగా తీసి మళ్ళీ వేసినా మారకపోతే నేనూ ఫార్మాటే కొడతా. నా గొడవ ఫార్మాట్‌తో కాదు, దాన్ని మొదటి మందుగా వాడటంతో. మొదటే కొడితే సాక్ష్యం మొత్తం తుడిచేసినట్టే. మాల్వేర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి అదే క్రాక్ మళ్ళీ దించుతాం. ఊడిన పిన్ను మాత్రం ఎన్ని ఫార్మాట్లు కొట్టినా దానంతటది కూర్చోదు.

"గేమ్స్ కోసం ఇంత చదువా?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. సెకండియర్ టైమ్ టేబుల్ ఒకసారి చూడండి. క్యాష్ ఆలస్యం అంటే కంప్యూటర్ ఆర్గనైజేషన్. ఒక కోర్ నిండి మిగతావి ఖాళీగా ఉండటం అంటే ఆపరేటింగ్ సిస్టమ్స్. పింగ్ అంటే నెట్‌వర్క్స్. ఎగ్జామ్‌లో పది మార్కుల ఆన్సర్ రాసి మర్చిపోయేవన్నీ ఇక్కడ ఒకే సమస్యలో కలిసి కూర్చుని ఉంటాయి. రేపు ఉద్యోగంలో సర్వర్ స్లో అయినా అడిగేవి ఇవే ప్రశ్నలు. ఏం మారింది? ఎక్కడ ఆగింది? కొలిచావా?

తెలుగులో చెప్పగలిగితేనే అర్థమైనట్టు

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. థ్రాట్లింగ్, బాటిల్‌నెక్, లేటెన్సీ అన్నీ నాలుక మీదే ఉంటాయి. కానీ పెదనాన్న "అసలు ఏమైందిరా?" అని అడిగినప్పుడు ఆ మాటలు ఒక్కటీ పనికిరాలేదు. "బాగా వేడెక్కి, కాలిపోకుండా తనే మెల్లగా నడుస్తోంది పెదనాన్నా, చల్లబడితే మళ్ళీ మామూలే" అన్నా. ఆయనకి ట్రాక్టర్ తెలుసు, వెంటనే అర్థమైపోయింది. "అయితే కార్డు బానే ఉందన్నమాట" అని ఆయనే తేల్చేశారు.

మనలో చాలామందికి ఈ విషయాలు తెలుసు. కానీ ఇంగ్లీష్ గైడ్‌లు చదివి మనలోనే ఉంచుకుంటాం. డబ్బు పెట్టేవాళ్ళకి ఆ భాష తెలియదు. "మీకు తెలీదులే నాన్నా" అనే మాట దగ్గర సంభాషణ ఆగిపోతుంది, షాపులో చెప్పిందే వేదమవుతుంది. ఇంట్లోవాళ్ళకి రెండు వాక్యాల్లో కారణం చెప్పలేకపోతున్నామంటే, వాళ్ళకి తెలియక కాదు, మనకే ఇంకా పూర్తిగా తెలియక. సాహిత్య క్లబ్‌లో కథలు, కవితలతో పాటు ఇలాంటివి కూడా తెలుగులో రాసుకోవాలని నా కోరిక.

చివరిగా చదువుతున్న ప్రతి ఒక్కరికీ ఒక పని. మీ కంప్యూటర్ బాగున్న రోజే, అంటే ఈరోజే, మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో ఒకే చోట పది నిమిషాలు ఆడి అయిదు అంకెలు రాసుకోండి. సగటు ఎఫ్‌పీఎస్, కార్డు వాడకం, కార్డు వేడి, ప్రాసెసర్ వేడి, ర్యామ్ స్పీడ్. పక్కన తేదీ, గది ఎంత వేడిగా ఉందో కూడా. ఫోన్ నోట్స్‌లో అయినా సరే, రఫ్ బుక్ వెనక అట్ట మీద అయినా సరే. రేపు ఏదన్నా తేడా వచ్చి ఎవరన్నా "కార్డు పోయింది" అంటే, పర్సు తీయకముందు ఆ కాగితం తీయండి.